ఇద్దరికీ ఒకటే ఫొటో

మా తమ్ముడు ఫొటోగ్రాఫరు. ఊళ్ళో సగం మంది గుర్తింపు కార్డుల మీద కనిపించే మొహాలు వాడి చేతి మీదుగా వెళ్ళినవే. అన్ని మొహాల్లోనూ వాడి సొంత కూతురి మొహం ఒక్కటి లేదని తెలియడానికి మాత్రం ఎన్నికలు రావలసి వచ్చింది.

వాడి స్టూడియోలో కౌంటరు దగ్గర కూర్చునేది నేను. ఫొటోలు కత్తిరించడం, కవర్లలో పెట్టడం, వచ్చినవాళ్ళకి దువ్వెన అందించడం, మా తమ్ముణ్ణి తిట్టడం నా పనులు. చివరిది జీతం అడక్కుండా చేస్తాను. వాడు మంచివాడే. పని దగ్గర మహా నిదానం. ఎవరైనా స్టూలు మీద కూర్చుంటే చాలు, ఏ కన్ను కాస్త చిన్నదో, ఏ భుజం కిందికి జారిందో, ఏ వైపు నుంచి చూస్తే బాగుంటారో ఇట్టే పట్టేస్తాడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే పేరు గుర్తు రాదు గానీ, "మీకు కుడివైపు బాగుంటుందండీ" అంటాడు. అలాంటివాడు ఇంట్లో కూతుళ్ళిద్దరినీ "అమ్మడూ" అనే పిలుస్తాడు. అది ముద్దని అందరూ అనుకుంటారు. ఎవరు ఎవరో తేల్చుకోలేక అలా పిలుస్తాడని నాకు తెలుసు.

కవలలు కదా, అచ్చుగుద్దినట్టు ఉంటారు. కొద్ది నిమిషాలు ముందు పుట్టింది పెద్దది, వెనకాల వచ్చింది చిన్నది. ఆ కాస్త తేడాకే పెత్తనం మొత్తం పెద్దదాని చేతికి వచ్చేసింది. దానికి కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. చిన్నది నెమ్మది. అడిగితేనే మాట్లాడుతుంది, అదీ ఆలోచించుకుని. ఆ ఆలోచించుకునే వ్యవధి పెద్దది ఎప్పుడూ ఇవ్వలేదు. "నీకేం కావాలే?" అని చిన్నదాన్ని అడగడమే ఆలస్యం, పక్కనుంచి "దానికీ అదే" అనేస్తుంది. చెప్పులైనా, పుస్తకాల సంచీ అయినా, ఐస్‌క్రీం అయినా అంతే. ఇక వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ "ఇంతకీ నువ్వు ఎవరివే?" అని అడుగుతారు. "చిన్నదాన్నండీ" అంటుంది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ దానికి అదే జవాబు.

వాళ్ళ అమ్మకి, అంటే మా మరదలికి మాత్రం అడుగుల చప్పుడు వింటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. కానీ ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్ర, లేకపోతే వంట.

కిందటేడు పెద్దది పక్క పట్నంలో ఇంజనీరింగులో చేరి హాస్టలుకి వెళ్ళింది. చిన్నది ఇక్కడే డిగ్రీ చదువుతోంది. సాయంత్రం కాలేజీ అయ్యాక స్టూడియోకి వచ్చి నా పక్కన కూర్చునేది. వాళ్ళిద్దరూ విడిగా ఉండటం అదే మొదటిసారి. మొదట్లో చిన్నది ఏదో పారేసుకున్నట్టు తిరిగింది. తర్వాత మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు పంచిన కరపత్రాలు మా కౌంటరు మీద గుట్టలుగా పడుండేవి. నేను వాటితో అద్దాలు తుడిచేదాన్ని. అది వాటిని నా చేతిలోంచి లాక్కుని చదివేది. "అత్తా, మా కాలేజీ రోడ్డుకి బస్సు వేయిస్తానని పోయినసారి కూడా ఇతనే అన్నాడు కదా?" అని అడిగేది. అన్నాడో లేదో నాకేం గుర్తు? అది మాత్రం పెన్సిలు తీసి పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టేది.

ఒక ఆదివారం పెద్దది ఇంటికి వచ్చింది. వాళ్ళ కాలేజీలో విద్యార్థుల్ని ఓటర్లుగా చేర్పించే కార్యక్రమం జరుగుతోందట, అందులో ఇదే ముందు నడుస్తోందట. సంచీ కింద పెట్టకుండానే ఉపన్యాసం ఎత్తుకుంది.

"పద్దెనిమిది నిండితే చాలత్తా, మొత్తం ఫోన్లోనే అయిపోతుంది. వయసుకి ఒక కాగితం, అడ్రసుకి ఒక కాగితం, ఒక ఫొటో. అంతే. తర్వాత ఎవరో ఒకరు వచ్చి ఆ అడ్రసులో ఉన్నామా లేదా చూసుకుని వెళ్తారు."

"మరి హాస్టల్లో ఉండే నీలాంటివాళ్ళు?"

"ఇంటి అడ్రసైనా పెట్టుకోవచ్చు, హాస్టల్ అడ్రసైనా పెట్టుకోవచ్చు. మన ఇష్టం. కానీ ఒక్కచోటే. రెండు చోట్లా పెడితే తప్పు. నేను హాస్టల్ దగ్గరే పెట్టుకుంటున్నా. ఆరోజు బస్సు దొరక్కపోతే ఓటు గోవిందా కదా. మా వార్డెన్ కూడా సంతకం పెట్టిచ్చింది."

చిన్నది ఫొటోల కవర్లు సర్దుతూ వింటోంది. ఉన్నట్టుండి నన్ను అడిగింది. "అత్తా, లోపలికి ఒక్కళ్ళమే వెళ్ళాలట కదా?"

"అవునే."

"పక్కన ఎవరూ ఉండరు కదా?"

"నీడ కూడా ఉండదు."

"ఎవరికి వేశామో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా?"

"చంపినా చెప్పక్కర్లేదు."

అది తలూపి మళ్ళీ కవర్లు సర్దుకుంది. దాని మొహం వెలిగిపోవడం నేను చూశాను. ఒక గదిలోకి అక్క లేకుండా వెళ్ళి, తనకేం కావాలో తనే ఆలోచించుకుని చెప్పే అవకాశం దానికి అప్పటిదాకా ఎక్కడా దొరకలేదు. అందరికీ అది ఓటు. దానికి అంతకంటే కాస్త ఎక్కువ.

ఆరోజే పెద్దది ఇద్దరి దరఖాస్తులూ ఫోన్లో నింపేసింది. చిన్నది తనది తను నింపుకుంటానంది గానీ, "నీకు గంట పడుతుందే, ఇలా తే" అని ఫోను లాక్కుంది. ఫొటో కావాలంటే మా స్టూడియో కంప్యూటర్లో 'పిల్లలు' అని ఒక ఫోల్డరు ఉంది. అందులోంచి ఒక ఫొటో తీసి ఇద్దరికీ పెట్టింది. అదేం కొత్త కాదు. ఒకటో తరగతి నుంచీ మా ఇంట్లో అంతే. వాళ్ళ నాన్న ఒక ఫొటో తీసి కాపీలు వేస్తాడు, నేను కత్తిరించి సగం దానికీ సగం దీనికీ ఇస్తాను. ఒకేలా ఉన్నప్పుడు రెండుసార్లు ఎందుకు తీయాలి?

ఎన్నికల కార్యాలయంలో కంప్యూటరు మాత్రం మాలా తేలిగ్గా తీసుకోలేదు.

కొన్నాళ్ళకి చిన్నదాని పేర నోటీసు వచ్చింది. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్నీ ఇంకో దరఖాస్తుతో కలుస్తున్నాయి, ఒకే మనిషి రెండు ఊళ్ళలో ఓటు కోసం పెట్టుకున్నట్టు అనుమానంగా ఉంది, వచ్చి సంజాయిషీ చెప్పకపోతే దరఖాస్తు కొట్టేస్తాం అని దాని సారాంశం. పెద్దదాని పేరు అప్పటికే జాబితాలో ఎక్కిపోయింది. అంటే కంప్యూటరు లెక్కలో అసలు మనిషి పెద్దది. చిన్నది ఆ మనిషి చేసిన మోసం.

చిన్నది ఆ కాగితం చదివి మడిచి టేబుల్ మీద పెట్టింది. అది ఏడ్చినా బాగుండేది.

పెద్దదానికి ఫోను చేస్తే అవతల గోల గోల. "నా వల్లే అయింది! నా పేరు తీయించేసుకుంటా. అప్పుడు దానిది నిలబడుతుంది. నేను వచ్చేసారి వేసుకుంటాలే. చెప్పత్తా దానికి!"

ఫోను స్పీకర్లోనే ఉంది. చిన్నది దగ్గరికి వచ్చింది. "వద్దక్కా," అంది. "నీ పేరు తీయించి నా పేరు పెట్టిస్తే, అది నువ్వు నాకిచ్చిన ఓటవుతుంది. నాకు నాది కావాలి."



విచారణకి మేం ముగ్గురం వెళ్ళాం. చిన్నది, నేను, మా తమ్ముడు. గదిలో ఒక అధికారిణి, ఆవిడ ముందు కంప్యూటరు, పక్కన చల్లారి మీగడ కట్టిన టీ. అలసిపోయి ఉంది పాపం, మాలాంటివాళ్ళు బయట బెంచీ నిండా ఉన్నారు. తెర మా వైపు తిప్పింది. పక్కపక్కనే రెండు ఫొటోలు. ఒకటే జడ, ఒకటే చొక్కా, కాలరు మడత కూడా ఒకటే.

"ఇది నువ్వేనా అమ్మా?"

"కాదండీ," అంది చిన్నది. "రెండూ మా అక్కవే."

మా తమ్ముడు గబగబా అందుకున్నాడు. "కవలలండీ. ఇద్దరూ ఒకేలా ఉంటారు. ఎవరి ఫొటో అయితే ఏముందని..."

"సరే. అయితే ఈ అమ్మాయి ఫొటో చూపించండి. కాలేజీ కార్డుందా?"

చిన్నది కార్డు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆవిడ చూసింది, తెర వైపు చూసింది. "ఇదీ అదే ఫొటోగా. పదో తరగతి హాల్ టికెట్?"

"అందులోనూ అక్కేనండీ."

"బస్ పాస్?"

"అక్కే."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఎందుకమ్మా అలాగ? మీ ఊళ్ళో ఫొటో స్టూడియో లేదా?"

నేను నేల చూపులు చూశాను. చివరికి చిన్నదే చెప్పింది. "ఉందండీ. మా నాన్నదే."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. అప్పుడు మా తమ్ముడికి ఏదో తట్టింది. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టు ముందుకి వంగాడు. "ఇద్దరూ కలిసున్న ఫొటో ఉందండీ! చిన్నప్పటిది, ఇంత పెద్దది. మా షోకేసులో పెట్టాను. చెక్క గుర్రం మీద ఒకళ్ళు, పక్కన ఒకళ్ళు. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. రేపు పట్టుకొస్తాను."

"నాన్నా," అంది చిన్నది. మెల్లగా అంది, వాడికే వినపడాలని. "అందులో కూడా ఇద్దరూ అక్కే. నాకారోజు జ్వరం."

వాడు దాని మొహంలోకి చూశాడు. ఆరోజు పెద్దదాన్నే ఒకసారి గుర్రం ఎక్కించి, ఒకసారి పక్కన నిలబెట్టి, రెండూ కలిపి అతికించాడు. అప్పట్లో అదో గొప్ప పనితనం. చేసినవాడు ఎప్పుడో మర్చిపోయాడు. షోకేసు ముందు ఆగిన ప్రతివాళ్ళూ "మీ కవలలు ఎంత ముద్దుగా ఉన్నారండీ" అంటుంటే నవ్వుతూ తలూపాడు. చిన్నది ఆ ఫొటో ముందు నుంచే రోజూ బడికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదు.

అధికారిణి ఇక ఏమీ అడగలేదు. "కొత్త ఫొటో తీసుకురా అమ్మా. నీది. మీ అక్కని కూడా తీసుకురా, ఇద్దరూ ఒకేసారి నా ముందు నిలబడాలి. జాబితా ఖరారయ్యేలోపు రాకపోతే నేనేం చేయలేను," అని మాత్రం చెప్పింది. గొంతు బాగా మెత్తబడింది.

స్టూడియోకి రాగానే మా తమ్ముడు తలుపు దగ్గరగా వేసి, 'మూసివేయబడినది' అన్న బోర్డు తిప్పాడు. పట్టపగలు వాడు ఆ బోర్డు తిప్పడం అదే మొదలు.

చిన్నది స్టూలు మీద కూర్చుంది. వాడు లైట్లు వేసి కెమెరా వెనక్కి వెళ్ళాడు. "తల కొంచెం ఎడమకి," అన్నాడు. అది తిప్పింది. వాడు చూస్తూ ఉండిపోయాడు.

"కాదు," అన్నాడు. "అది అక్కకి."

కెమెరా వదిలేసి బయటికి వచ్చాడు. చిన్నది చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. "నాన్నా," అంది. "అందరికీ చెప్తావు కదా. నాకు ఏ వైపు బాగుంటుంది?"

"తెలీదమ్మడూ," అన్నాడు వాడు. "నిన్నెప్పుడూ చూసుకోలేదు."

ఇంకో స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు. ఊరికే చూస్తున్నాడు. గిరాకీ వచ్చి తలుపు కొడితే నేను సందులోంచి తల బయటపెట్టి, "ఈ పూట పెద్ద పని మీద ఉన్నాడు, రేపు రండి" అని పంపేశాను. చిన్నది కాసేపు సిగ్గుపడింది, కాసేపు నవ్వు ఆపుకుంది, తర్వాత అదీ తండ్రిని చూడటం మొదలుపెట్టింది.

"ఎడమ చెవి కాస్త కిందికి ఉంది," అన్నాడు వాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "దానికలా లేదు. కనుబొమ్మ దగ్గర వెంట్రుకలు పైకి తిరిగాయి, మా అమ్మకి తిరిగినట్టు. నవ్వే ముందు పెదవి కుడిపక్క లేస్తుంది, తర్వాత రెండోపక్క. అక్కకి రెండూ ఒకేసారి."

"బాగుందా బాగోలేదా?"

"నీది నీకు బాగుంది."

తర్వాత అన్నాడు. "పసిదానివప్పుడు ఫ్లాష్ వెలిగితే చాలు, గుక్కపట్టి ఏడ్చేదానివి. అది నవ్వేది. సరే ఏడిపించడం ఎందుకని దాన్నే తీశాను. ఆ తర్వాత నిన్ను ఎప్పుడూ అడగలేదు."

"నేనూ అడగలేదుగా నాన్నా."

"నువ్వెందుకు అడగాలమ్మా," అన్నాడు వాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేను దాచుకోలేదు, దువ్వెనల పెట్టె పక్కన నిలబడి హాయిగా ఏడ్చాను.

"ఇప్పుడు ఫ్లాష్ వేయనా?"

"వెయ్యి."

వేశాడు. అది రెప్ప కొట్టలేదు. గుర్తింపు కార్డుకి నేరుగా చూసే ఫొటో ఒక్కటి చాలు. వాడు ఆ పూటంతా తీస్తూనే ఉన్నాడు. నిటారుగా, పక్కకి, నవ్వుతూ, నన్ను వెక్కిరిస్తూ.

మర్నాడు పొద్దున్నే పెద్దది మొదటి బస్సుకి దిగింది. ఇద్దరూ అధికారిణి ముందు పక్కపక్కన నిలబడ్డారు. కొత్త ఫొటో, పాత ఫొటో, రెండు మొహాలు. ఆవిడ నాలుగింటినీ మార్చి మార్చి చూసింది. "తప్పు నాదండీ," అని పెద్దది మొదలుపెట్టింది. "దాని దరఖాస్తు కూడా నేనే నింపాను. మా కాలేజీలో అందరి చేతా నేనే చేయిస్తున్నాను, అందుకని..."

"అందరికీ నేర్పేదానివి నువ్వేనా?" అంది ఆవిడ.

దాంతో పెద్దదాని గాలి పోయింది. ఆవిడ చిన్నదాని వైపు తిరిగి కాగితం ముందుకి జరిపింది. "ఈసారి నువ్వే చదువుకుని నువ్వే సంతకం పెట్టు. నెమ్మదిగానే చదువు, తొందరేం లేదు." చిన్నది ప్రతి అక్షరం చదివింది. పెద్దది రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుంది. అది దానికి ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే బయటికి వచ్చాక దానికి ఐస్‌క్రీం కొనిపెట్టాను. చిన్నదాన్ని ఏది కావాలని అడిగాను. ఆలోచించుకుని వేరేది చెప్పింది.

పోలింగు ఒక బడిలో పెట్టారు. మా మరదలు తెల్లవారగానే ఓటేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. మేం మధ్యాహ్నం వెళ్ళాం. పెద్దది పొద్దున్నే హాస్టలున్న పట్నంలో ఓటేసి, చెల్లెలు మొదటి ఓటు వేస్తుంటే చూడాలని బస్సెక్కి వచ్చేసింది. వరసలో ముందు వాళ్ళిద్దరూ, వాళ్ళ వెనక ఒక ముసలాయన, ఆ వెనక మా తమ్ముడూ నేనూ. పెద్దది చెల్లెలితో కబుర్లు చెప్తూ ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళిపోయారు. తలుపు దగ్గరున్న ఉద్యోగి దాని వేలు చూశాడు.

"ఏమ్మా, సిరా గుర్తుంది కదా. మళ్ళీ వచ్చావేంటి?"

"నేను ఓటుకి రాలేదండీ, మా చెల్లి..."

అతను పక్కకి చూశాడు. అదే మొహం. ఇంకోసారి ఇటు చూశాడు. "ఏంటిది? మీ ఇద్దర్లో ఓటు ఎవరిది?" వరసలో జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు. మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాను. పెద్దది చెప్పబోయి, ఏమనుకుందో, చెల్లెల్ని చూసి ఆగిపోయింది.

మేమున్న చోటికి వాళ్ళ వెనకవైపు తప్ప ఏమీ కనపడదు, బట్టలు కూడా ఒకేలాంటివే. సిరా గుర్తు చూద్దామంటే చేతులు కూడా కనపడవు. మా తమ్ముడు వరసలోంచి పక్కకి వచ్చి, అక్కణ్ణుంచే పిలిచాడు. అమ్మడూ అనలేదు. పేరు పెట్టి పిలిచాడు, చిన్నదాని పేరు. పిలుస్తూనే వెళ్ళి సరిగ్గా దాని భుజం మీదే చెయ్యి వేశాడు.

"ఇది నా చిన్నకూతురండీ," అన్నాడు. "ఓటు దీనిది."

అది తిరిగి చూసింది. "వెనక నుంచి ఎలా తెలిసింది నాన్నా?"

"చెవి," అన్నాడు వాడు.

పెద్దది గుమ్మం బయట ఉండిపోయింది. చిన్నది లోపలికి వెళ్ళింది. బల్ల దగ్గర కూర్చున్నాయన జాబితాలో పేరు పైకి చదివి, ఫొటో చూసి, దాని మొహం చూశాడు. "నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ," అంది. చిన్నదాన్నని చెప్పలేదు.

అట్ట కట్టిన మూలకి వెళ్ళింది. వెళ్ళినది ఎంతకీ రాదే! దాని సంగతి తెలుసు కదా, ఆలోచించుకుంటోంది. వెనక జనం విసుక్కున్నారు. ముసలాయన దగ్గాడు. మా తమ్ముడు ఆయన వైపు తిరిగి, "ఉండండి సార్, దానికి కాస్త టైం పడుతుంది," అన్నాడు. గర్వంగా అన్నాడు.

మేమూ ఓట్లేసి బయటికి వచ్చేసరికి బడి ఆవరణలో పెద్దది చెల్లెలి చెయ్యి పట్టుకుని ఊపుతోంది. రెండు వేళ్ళకీ ఇప్పుడు గుర్తులున్నాయి.

"చెప్పవే, ఎవరికేశావే? నాకు కూడా చెప్పవా?"

చిన్నది దాని మొహంలోకి చూసింది. పెదవి ముందు కుడిపక్క లేచింది, తర్వాత రెండోపక్క.

"చెప్పను," అంది.